ఇంటి బాడుగ పత్రము: నాడును నేడును

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని బాడుగకిచ్చి చూడుమని మాత్రము చెప్పలేదు. ఆ కాలమున పల్లెలలో ఆ యవసరము అరుదుగా నుండెను కాబోలు! బంధువు వచ్చినచో మన పంచలోనే యుండును. పరదేశి వచ్చినచో సత్రములో దిగును. నేడట్లు కాదు. ముక్కు మొగము తెలియని వానికి మన తాతలనాటి యింటి తాళపు చెవి యిచ్చుచున్నాము. అతడును తన భార్యాబిడ్డలను తెచ్చి, మన మాట నమ్మి ఆ కప్పు క్రింద కాపురముంచుచున్నాడు. ఈ నమ్మకమునకు ఆధారముగా నుండవలసిన బాడుగ పత్రమును గూర్చి మన పూర్వు లేమి యాలోచించిరో, శాసనములు దాని నెట్లు మార్చినవో, నేడు అందేమి వ్రాసికొనవలెనో మీకు మనవి చేయదలచితిని.

మాది రేణిగుంట. తిరుపతికి ఆరేడు మైళ్ల దూరముననున్న యూరు. 1862వ సంవత్సరమున మదరాసు రైల్వే వారి యినుపదారి ఆరక్కోణము నుండి మా యూరికి వచ్చెను. 1871 నాటికి ఆ దారి కడప మీదుగా రాయచూరు చేరి, బొంబాయి వైపు నుండి వచ్చిన దారితో కలిసెను. పిమ్మట గూడూరు దారియు, తిరుపతి మీదుగా కాట్పాడికి పోవు దారియు ఇచ్చటనే కూడుటచే మా యూరు జంక్షనైనది. రైలు వచ్చిన యూరికి బదిలీ మీద ఉద్యోగులు వత్తురు. వారికి ఆ యూర సొంత యిల్లుండదు. ఊరివారికి ఒకటి రెండు గదులు మిగులును. బాడుగ యిట్లు వేరూనును. 2015లో తిరుపతి ఐ.ఐ.టి. నెలకొని, ఏర్పేడు చెంత దాని ప్రాంగణము వెలసిన పిదప మా ప్రాంతమున ఇండ్ల కొఱకు వెదకువారు మరింత హెచ్చిరి. మిద్దెపై మిద్దె వేసి, పై భాగమును బాడుగకిచ్చి, ఆ రాబడితో జీవించు వృద్ధులు నేడు ప్రతి వీథిలోను కలరు. పొలము కౌలునకిచ్చునప్పుడు నలుగురిని పిలిచి నాలుగు మాటలు తేల్చుకొను మనము, ఇంటిని బాడుగకిచ్చునప్పుడు అచ్చు కాగితములో ఖాళీలు నింపి ఊరకుండుచున్నాము.

ఇంటి బాడుగ యనునది దొరల కాలమున వచ్చిన యాచారమని కొందరందురు. అది సరి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును 1909లో రుద్రపట్నము శామశాస్త్రిగారు మైసూరులో ప్రకటించిరి. అందు ధర్మస్థీయమను మూడవ యధికరణమున ఇండ్లను గూర్చిన ప్రకరణమొకటి కలదు. బాడుగకు అచ్చట "అవక్రయము" అని పేరు. ఖాళీ చేయుమని చెప్పిన పిదపను కదలక కూర్చున్న వానికి దండము విధించిన కౌటిల్యుడు, బాడుగ చెల్లించుచున్న వానిని అకారణముగా వెడలగొట్టిన యజమానికిని దండము విధించెను. దొంగతనము, దౌర్జన్యము, తిట్టు కొట్టులు, వ్యభిచారము, ఇంటిని తప్పుగా వాడుకొనుట: ఈ కారణములున్నప్పుడు మాత్రమే యజమాని వెడలగొట్టవచ్చును. బాడుగదారు తనంతట తానే నడుమ లేచిపోయినచో ఆ సంవత్సరపు బాడుగలో మిగిలిన భాగము నీయవలెను. చూడుడు! ఇల్లు వదలు దినమున ఎవరి బాధ్యత యెంత యన్నదియే ఈ నియమము లన్నిటికిని కేంద్రము. ఇచ్చునాటి మాట కంటె పోవునాటి మాటయే తగవునకు మూలమని ఆయన గుర్తెరిగెను.

నారదస్మృతి మరియొక చిక్కును తీర్చినది. ఒకడు పరుని స్థలమున బాడుగ చెల్లించుచు తానే యిల్లు వేసికొని నివసించి, పిదప వెడలిపోవునప్పుడు, తాను తెచ్చి వేసిన గడ్డి, కొయ్య, ఇటుకలు తీసికొని పోవచ్చును. బాడుగ యీయక, యజమాని యిష్టము లేక నివసించిన వానికి మాత్రము ఆ హక్కు లేదు. దాదాపు ఇదే న్యాయము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమునందును 108వ సెక్షనులో కానవచ్చుచున్నది. బాడుగదారు తాను బిగించిన వస్తువులను తాను స్వాధీనములో నున్నంతవరకు తీసికొనవచ్చును. ఇంటిని మాత్రము తాను పుచ్చుకొన్న స్థితిలో విడువవలెను. కాలము మారినను న్యాయబుద్ధి మారలేదు.

ఇక పత్రమెట్లుండవలెనన్న విషయము. యాజ్ఞవల్క్యస్మృతిలో లేఖ్యప్రకరణమని యొకటి కలదు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. పదుమూడవ శతాబ్దమున మన మూలఘటిక కేతన దానిని "విజ్ఞానేశ్వరీయము"గా తెనుగు చేసెను. ఋణపత్రమును గూర్చి చెప్పినదైనను ఆ ప్రకరణములోని పద్ధతి అన్ని పత్రములకును తగినదే. సంవత్సరము, మాసము, పక్షము, దినము వ్రాయవలెను. పేరుతో తండ్రి పేరును వ్రాయవలెను. విషయమంతయు ముగిసిన పిదప, పైన వ్రాసినది నాకు సమ్మతమని ఋణము పుచ్చుకొన్నవాడు స్వహస్తముతో వ్రాయవలెను. సాక్షులు తమ తండ్రుల పేర్లతో చేవ్రాలు చేయవలెను. చివర వ్రాసిన వాడును తన పేరు వ్రాయవలెను. చెల్లించిన ప్రతి సారియు పత్రము వెనుక చెల్లు వేయవలెను, లేదా పుచ్చుకొన్నవాడు తన చేతి వ్రాతతో రసీదీయవలెను. బలాత్కారముగాని మోసముగాని లేనిచో, స్వహస్తముతో వ్రాసిన పత్రము సాక్షులు లేకున్నను ప్రమాణమే. ఈ చివరి నియమమును జ్ఞాపకమున నుంచుకొనుడు. దానితో మరల పని గలదు.

మన ప్రాంతపు పెద్దలు ఈ పద్ధతిని పుస్తకములలోనే విడువలేదు. తిరుమల తిరుపతి దేవస్థానముల శాసనములను చూడుడు. పదునైదు, పదునాఱు శతాబ్దములలో భక్తుడు ధనము సమర్పించినప్పుడు, దేవాలయపు స్థానత్తారులు ఆ ధనముతో దేవుని గ్రామములలో చెరువులు కాలువలు బాగు చేయింతుమనియు, అందు వచ్చు రాబడితో ఫలానా నైవేద్యము జరిపింతుమనియు ఒడంబడిక చేసి శిల మీద చెక్కించెడివారు. బియ్యమెంత, నెయ్యి యెంత, పెసలెన్ని, ఏ కొలతతో కొలువవలెను, ప్రసాదములో దాతకు ఎన్నవ పాలు: అన్నియు అందుండును. చివర శ్రీవైష్ణవుల యనుమతితో దీనిని వ్రాసితినని దేవాలయపు కరణము పేరుండును. దేవుని సన్నిధిలో, భక్తులైన వారి నడుమ జరిగిన యొడంబడికకే అంత వివరము కావలసివచ్చెనుగదా! వివరముగా వ్రాయుట అపనమ్మకమునకు గుర్తు కాదు. నమ్మకము చెడకుండ కాపాడుటకే వ్రాత.

ఆంగ్లేయుల పాలనలో ఈ వ్రాతకు సర్కారు ముద్ర వచ్చెను. 1864లో రిజిస్ట్రేషను చట్టము, 1882లో ఆస్తి బదిలీ చట్టము, 1899లో స్టాంపు చట్టము, 1908లో నేటికిని నడచుచున్న రిజిస్ట్రేషను చట్టము వెలువడినవి. ఒక సంవత్సరమునకు మించిన కౌలునుగాని, సంవత్సరపు బాడుగ నిర్ణయించిన కౌలునుగాని రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి చట్టము విధించెను. అంతకు తక్కువ కాలమునకు ఆ నిర్బంధము లేదు. మన దేశమందంతటను వ్యాపించిన పదునొకండు నెలల బాడుగ పత్రము పుట్టినది ఇచ్చటనే. పండ్రెండు నెలలు దాటరాదు గనుక పదునొకండు! ఏ శాస్త్రమునందును పదునొకండు నెలలకు ప్రత్యేక మహిమ లేదు.

ఇచ్చటనే మీరు శ్రద్ధగా వినవలసిన సంగతి కలదు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ వారు చేసిన సవరణ 1999 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము మన రాష్ట్రమున స్థిరాస్తి కౌలు పత్రము ఎంత స్వల్పకాలమునకైనను రిజిస్టరు కావలసినదే. పదునొకండు నెలలన్న తప్పించుకొను త్రోవ ఆనాడే మూసికొనిపోయినది. అయినను అచ్చు కాగితములు మాత్రము నేటికిని పదునొకండు నెలలనే చెప్పుచున్నవి! రిజిస్టరు కాని పత్రములోని షరతులను నిరూపించుటకు ఆ పత్రము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదు; ఎవరి స్వాధీనము ఏ విధమైనదన్న యనుషంగిక విషయమునకు మాత్రము చూచెదరు. కావున మీ సబు రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి, ఎంత రుసుము, ఎంత స్టాంపు అని విచారించి, పత్రమును రిజిస్టరు చేయించుకొనుడు.

పత్రము లేనిచో ఏమగును? ఆస్తి బదిలీ చట్టపు 106వ సెక్షను ప్రకారము నివాసపు బాడుగ నెలనెలకు సాగునదిగా భావింపబడును. ఎవరైనను పదునైదు దినముల నోటీసుతో దానిని ముగింపవచ్చును. గడువు తీరిన పిదపను యజమాని బాడుగ పుచ్చుకొనుచున్నచో, వేరే యొడంబడిక లేనప్పుడు, అదియు 116వ సెక్షను ప్రకారము నెలసరి బాడుగగానే సాగును. పది సంవత్సరముల కాపురమునకు పదునైదు దినముల గడువు! ఇది బాడుగదారునకు కీడు. నోటీసు అందినను అతడు కదలనిచో యజమాని న్యాయస్థానమునకు పోవలసినదే గాని, సామాను వీథిలో పెట్టరాదు. ఇది యజమానికి శ్రమ. వ్రాత లేకపోవుట ఇరువురకును నష్టమే.

పట్టణములలో మరియొక చరిత్ర నడచెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇండ్ల కరవు వచ్చి బాడుగలు మిన్నంటగా, 1941లో మదరాసు ప్రభుత్వము ఇండ్ల బాడుగల నియంత్రణపు ఉత్తరువు చేసెను. అదియే 1946లోను, మరల 1949లోను చట్టమై, మన రాష్ట్రమున 1960 నాటి చట్టముగా పరిణమించెను. బాడుగ పుచ్చుకొన్న యజమాని రసీదీయవలెననియు, చట్టము చెప్పిన కారణము లేనిదే వెడలగొట్టరాదనియు ఆ చట్టము శాసించెను. ఒడంబడికలోని గడువు తరువాత పదునైదు దినములలో బాడుగ యీయనిచో తప్పిదమగును. ఒడంబడికయే లేనిచో మరుసటి నెల చివరి దినము వరకు ఆగవలెను. చట్టమే మీ వ్రాత వంక చూచుచున్నదన్నమాట. తరువాత 2017లో మన రాష్ట్రము నివాస, నివాసేతర గృహములకు క్రొత్త చట్టము చేసికొన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు మాదిరిగా నొక చట్టమును సిద్ధపరచెను. వ్రాతపూర్వకమైన యొడంబడిక యుండవలెననియు, నివాసపు టింటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదనియు, తగవు వచ్చినను నీరు, కరెంటు ఆపరాదనియు అందు కలదు. అది మాదిరియే, రాష్ట్రము స్వీకరించినచోటనే అమలగును. అయినను న్యాయమెటు పోవుచున్నదో అది చూపుచున్నది.

మా యూర జరిగిన దొకటి చెప్పెదను. పేర్లతో పని లేదు. ఒక పింఛనుదారు తన యింటి ప్రక్క భాగమును కుట్టుపని చేసికొను నొక సంసారికి బాడుగకిచ్చెను. అచ్చు కాగితము మీద పదునొకండు నెలలని వ్రాసిరి. అడ్వాన్సు అన్నచోట చుక్కలు చుక్కలుగానే మిగిలినవి. తొమ్మిది సంవత్సరములు మంచిగా గడచెను. యజమాని కాలము చేసెను. పరస్థలములలో ఉద్యోగములు చేయు కొడుకులు వచ్చి, ఇల్లు అమ్మెదము, ఖాళీ చేయుమనిరి. అతడు సరేనని, తానిచ్చిన అరువదివేల రూపాయల అడ్వాన్సు అడిగెను. తండ్రి తమతో ఆ మాట యెన్నడును చెప్పలేదనియు, కాగితములోను లేదనియు వారు పలికిరి. వారు అబద్ధమాడలేదు, వారికి నిజముగా తెలియదు. అతని రెండవ కుమార్తె పెండ్లికి ముహూర్తము పెట్టియుండిరి. ఆ పెండ్లికి ఆ పైకమే ఆధారము. మాట మాట పెరిగెను. "మా తండ్రి పైకము దాచెనందువా?" అని వారు, "చచ్చినవాడు సాక్షికి రాడని గదా!" అని యతడు.

నలుగురు పెద్దలతో నన్నును కూర్చుండుమనిరి. మీ తండ్రిగారు జమాఖర్చు పుస్తకము వ్రాసెడివారా అని అడిగితిని. అటక మీది పెట్టెలో పుస్తకములు దొరికినవి. తొమ్మిది సంవత్సరముల క్రిందటి పుస్తకమున, ఆ నెలలో, పాల ఖర్చునకును మందుల ఖర్చునకును నడుమ, ఆ పెద్దమనిషి స్వహస్తముతో బాడుగదారు పేరు వ్రాసి, అరువదివేలు జమ వేసి, "ఇల్లు వదలునాడు తిరిగి యీయవలసినది" అని వ్రాసియుంచెను. పెద్దకొడుకు ఆ పంక్తిని రెండుమార్లు చదివి, పుస్తకము కన్నుల కద్దుకొనెను. మరునాడే పైకము ముట్టినది. స్వహస్తలిఖితము సాక్షులు లేకున్నను ప్రమాణమని యాజ్ఞవల్క్యుడన్న మాట నాడు మా వీథి యరుగు మీద నిజమయ్యెను. ఆ యొక్క పంక్తి లేనిచో ఒక ఆడపిల్ల పెండ్లి ఆగియుండెడిది. బ్రదికినన్నాళ్లు ఒకరి సొమ్ము తాకని మనిషికి చచ్చిన పిదప దొంగ యన్న పేరు వచ్చియుండెడిది. అయినను అటక మీది పుస్తకమును నమ్ముకొనుట అందరికిని చెల్లదు. ఆ పంక్తి పత్రములోనే యుండవలసినది.

కావున యజమానులు పత్రములో వ్రాయవలసిన వాటిని క్రమముగా చెప్పెదను.

మొదటిది మనుష్యులు. ఇరువురి పేర్లు, తండ్రి పేర్లు, స్థిరమైన చిరునామాలు, ఇంటిలో నుండబోవువారు ఎవరెవరో వ్రాయవలెను. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిదైనచో అందరి సమ్మతియు పత్రముననే కనబడవలెను. ఒడంబడిక ఇరుపక్షముల వారసులకును చెల్లునని యొక వాక్యముండుట మేలు.

రెండవది వస్తువు. ఇంటి నంబరు, హద్దులు, ఎన్ని గదులు, దొడ్డి, మెట్లు, మిద్దె మీది చోటు ఎవరి వాడుకయో తెలుపవలెను. ఫంకాలు, కొళాయిలు, మోటారు, బీరువాలు, తాళపు చెవులు ఎన్నియో, కరెంటు మీటరు ఆనాడు చూపుచున్న అంకె యెంతయో జాబితాగా వ్రాసి చేవ్రాళ్లు చేయవలెను. కప్పు కారుటవంటి దోషమున్నచో దాచక చెప్పవలెను. పైకి కనబడని పెద్ద లోపమును తెలుపుట యజమాని విధియని 108వ సెక్షనే చెప్పుచున్నది.

మూడవది కాలము: ఏ దినము మొదలు, ఏ దినము వరకు, పొడిగించినచో బాడుగ యెంత హెచ్చును. నాలుగవది పైకము: బాడుగ యెంత, ఏ తేదీలోపల, ఏ విధముగా, ప్రతి నెలకును రసీదు. కరెంటు, నీరు, ఇంటిపన్ను ఎవరిదో విడివిడిగా. అయిదవది అడ్వాన్సు: ఎంత పుచ్చుకొంటిమి, ఇల్లు వదలిన ఎన్ని దినములలో తిరిగి యిత్తుము, అందుండి ఏయే ఖర్చులు మినహాయింతుము. సున్నము కొట్టించుటకని ముందుగా నిర్ణయింపక, చివర లెక్క లేక కోయుట ధర్మము కాదు.

ఆరవది మరమ్మతు. కప్పు, గోడ, దూలము, భూమిలోని గొట్టములు యజమానివి. దినదినపు వాడుకలో చెడు చిన్న వస్తువులు బాడుగదారువి అని విభజించుకొనుట సాధారణ న్యాయము. యజమాని తాను చేయవలసిన మరమ్మతును తెలిపినను చేయనిచో, బాడుగదారు తానే చేయించి బాడుగలో విరుచుకొనవచ్చునని చట్టము కలదు. కావున విభజన స్పష్టముగా నుండవలెను. వాడుకచే సహజముగా వచ్చు అరుగుదలకు బాడుగదారు బాధ్యుడు కాడు.

ఏడవది వాడుక. నివాసమునకేనా, అంగడి పెట్టవచ్చునా, మరియొకరికి మరల బాడుగకీయవచ్చునా వ్రాయవలెను. వలదని వ్రాయనిచో మరల బాడుగకిచ్చుటకు చట్టము బాడుగదారున కవకాశమిచ్చుచున్నది. ఎనిమిదవది వదలుట. ఎవరు ఎన్ని దినములు ముందు తెలుపవలెను, తాళపు చెవులు ఎవరి కీయవలెను, జాబితాను ఎవరి యెదుట సరిచూడవలెను. చట్టము చెప్పు పదునైదు దినములు ఒడంబడిక లేనప్పుడే. ఒకటి రెండు నెలల గడువు వ్రాసికొనినచో పిల్లల చదువు చెడదు, యజమానికిని క్రొత్తవారు దొరకుదురు.

మన ప్రాంతమున భోగ్యమను పద్ధతి యొకటి కలదు. పెద్ద మొత్తము ముందే పుచ్చుకొని, బాడుగ లేకుండ ఇల్లు అనుభవమునకిచ్చి, చివర మొత్తము తిరిగి యిత్తురు. అది బాడుగ కాదు, ఒక విధమైన తనఖా. నూరు రూపాయలు దాటిన తనఖా రిజిస్టరు పత్రముతోనే చెల్లును. బాడుగ కాగితము మీద భోగ్యము వ్రాసినచో రెండింటికిని చెడుదురు. ఏది యిచ్చుచున్నామో ఆ పేరే వ్రాయుడు.

చివరిగా ఒక మాట. యజమానికి అన్ని హక్కులును, బాడుగదారునకు అన్ని విధులును వ్రాసిన పత్రము బలమైనదని కొందరు భ్రమపడుదురు. ఎప్పుడైన ఇంటిలోనికి వత్తును, తలచినప్పుడు వెడలగొట్టుదును అని వ్రాసికొన్న మాత్రాన చట్టము లేకుండపోదు. కౌటిల్యుడు ఇరువురకును దండము విధించినట్లు, పత్రమును ఇరువురకును భారము పంచవలెను. రెండు ప్రతులు వ్రాయించి, ఇరుపక్షముల గృహిణులును వినునట్లు బిగ్గరగా చదివించి, ఒక్క ఖాళీయు మిగులనీయక, ఇరువురును చేవ్రాళ్లు చేసి, రిజిస్టరు చేయించి, చెరియొక ప్రతి దాచుకొనుడు. ఈ వారము మీ పెట్టెలోని పాత బాడుగ కాగితమును తీసి, అడ్వాన్సు అన్నచోట చుక్కలున్నవో, అంకె యున్నదో చూచుకొనవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.